రెండోసారి చప్పట్లు

1వ తేదీ, ఆదివారం

ఈ డైరీ నా భార్య కొనిపెట్టింది. "మనసులో మాట నాతో ఎలాగూ చెప్పరు, కనీసం దీనితోనన్నా చెప్పుకోండి" అంది. ఇన్నాళ్ళూ టేబుల్ సొరుగులో పడి ఉంది. రాయడానికి ఏముంది మన బతుకులో అనుకునేవాణ్ణి. ఇవాళ ఉంది.

మా మాజీ సైనికాధికారుల సంఘం నెలవారీ సమావేశం జరిగింది. మా శాఖకి అధ్యక్షుడు కల్నల్ గారు, కార్యదర్శిని నేను. కల్నల్ గారు నా భార్యకి సొంత అన్నయ్య. కాబట్టి హాల్లో నాకు సార్, ఇంట్లో బావగారు. ఈ తేడా ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆయన స్వాగతోపన్యాసం చదివారు. మధ్యలో మామూలు జోకు వేశారు. "మన కార్యదర్శి సర్వీసులో నా కింద పనిచేశాడు, ఇప్పుడు నా చెల్లెలి కింద పనిచేస్తున్నాడు. పాపం, రెండు చోట్లా ప్రమోషన్ రాలేదు." అందరం నవ్వాం. చప్పట్లు కొట్టాం. టీ వచ్చింది.

టీ అయ్యాక ఆయన లేచి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ అదే ఉపన్యాసం చదివారు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా. మేమంతా విన్నాం. జోకు దగ్గర నవ్వాం. చివర్లో చప్పట్లు కొట్టాం. ఎవ్వరూ ఎవ్వరి మొహమూ చూసుకోలేదు.

కాగితాలు ఫైల్లో అటూ ఇటూ అయ్యుంటాయి. వచ్చే నెల నుంచి ఆయన ఫైలు నేనే సర్దిపెడతాను.

4వ తేదీ, బుధవారం

తుంటి విరిగిన మా సభ్యుణ్ణి ఆసుపత్రిలో చూసి రావడానికి నేనూ కల్నల్ గారూ వెళ్ళాం. సంఘం తరఫున పళ్ళు ఇచ్చాం. ఆయన రోగిని బాగా నవ్వించారు. నర్సుని కూడా నవ్వించారు. అంత చక్కగా ఉన్న మనిషి గురించి ఆదివారం నాడు నేనేమిటేమిటో అనుకున్నందుకు సిగ్గేసింది.

తిరిగొచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర ఎడమకి తిరగాల్సింది కుడికి తిప్పారు. అది పాత క్వార్టర్స్ దారి. ఆయన భార్య బతికున్నప్పుడు ఆ క్వార్టర్స్‌లోనే ఉండేవారు. ఇప్పుడక్కడ ఏదో గోడౌన్. ఆ గేటు ముందు కారు ఆపి హారన్ కొట్టారు. కాసేపాగి మళ్ళీ కొట్టారు. లోపలి నుంచి వాచ్‌మన్ వచ్చి ఎవరు కావాలని అడిగాడు.

ఆయన నావైపు తిరిగి "కాస్త గాలి మార్పు ఉంటుందని ఇటు తిప్పానోయ్" అన్నారు.

"మంచి పని చేశారు సార్" అన్నాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఎందుకింత ఆలస్యమని అడిగితే ట్రాఫిక్ అన్నాను.

8వ తేదీ, ఆదివారం

కమిటీ కూర్చుంది. ఏటా మేం జరిపే స్మారక యాత్ర ఈ నెల ఇరవైతొమ్మిదిన. హాలు నుంచి అమరుల స్తంభం దాకా ఊరేగింపు. ముందు మా సంఘం పాత జీపు, దాన్ని నడిపేది కల్నల్ గారు. వెనక స్కూలు పిల్లల బ్యాండు, ఆ వెనక మేము. ఎప్పుడూ ఇదే వరస.

స్కూలు నుంచి బ్యాండు టీచరమ్మ వచ్చింది. "ఎప్పటిలాగే కదా సార్?" అంది.

"కాదు. ఈసారి పిల్లలు ముందు, జీపు వెనక" అన్నారు ఆయన.

టీచరమ్మ "వెనక బండి ఉంటే పిల్లలు కంగారు పడతారేమో సార్" అని మావైపు చూసింది. మేం ఆరుగురు అధికారులం. ఒకప్పుడు పెద్ద పెద్ద నిర్ణయాలు తీసుకున్నవాళ్ళం. ఆరుగురమూ టీ కప్పుల్లోకి చూశాం. నేను తీర్మానం రాసుకున్నాను.

పిల్లలు ముందుంటే ఫొటోలు బాగా వస్తాయి. ఆయన ఆలోచించే అని ఉంటారు.

9వ తేదీ, సోమవారం

ఫొటోల కోసమే.

12వ తేదీ, గురువారం

స్తంభానికి సున్నం వేయించడానికి నేనూ డాక్టరూ వెళ్ళాం. డాక్టరు కెప్టెన్‌గా రిటైరయ్యాడు, మా అందరి నడుములూ మోకాళ్ళూ అతని చేతుల్లోనే ఉన్నాయి. మేస్త్రి నిచ్చెన ఎక్కాక నెమ్మదిగా కదిపాను.

"ఆ రోజు ఉపన్యాసం…"

"ఏ ఉపన్యాసం?" అన్నాడు. నిచ్చెన వంక చూస్తూ "నాకేం తెలీదు మేజర్. నేను ఎముకలు అతికించినవాణ్ణి. తలకాయ లోపలి సంగతి నన్నడక్కు" అన్నాడు.

"ఎవరో ఒకరు చెప్పాలి కదయ్యా."

"ఎవరు చెప్తారు? బ్రిగేడియర్ గారుంటే చెప్పేవారు. ఆయన పోయారు. ఇప్పుడు మన శాఖలో కల్నల్ పైన ఎవరున్నారు? ఆకాశం."

ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత అతనే చెప్పాడు. పోయిన నెల కల్నల్ గారు ఒకే మందు కోసం నాలుగైదుసార్లు ఫోన్ చేశారట. ప్రతిసారీ మొదటిసారి అడిగినట్టే అడిగారట. "మరి నువ్వేం చేశావ్?" అన్నాను. "మొదటిసారి చెప్పినట్టే చెప్పాను" అన్నాడు.

అంటే నేనొక్కణ్ణే కాదు. ఈ మాట నాకు ధైర్యం ఇవ్వాలి. ఎందుకో గుండెల్లో రాయి పడింది.

15వ తేదీ, ఆదివారం

ఇంట్లో గొడవ. వాళ్ళన్నయ్య గురించి నెమ్మదిగానే అన్నాను, వయసు మీద పడుతోంది కదా, ఈసారి జీపు ఇంకెవరైనా నడిపితే బాగుంటుందేమో అని. నామీద ఇంతెత్తున లేచింది.

"మా అన్నయ్యకేం! గుండ్రాయిలా ఉన్నాడు. మీరే మొన్న ఫ్రిజ్‌లో కళ్ళజోడు పెట్టారు!"

నిజమే, పెట్టాను.

సాయంత్రం వంటింట్లో నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. అప్పుడు బయటపెట్టింది. రోజూ పొద్దున్నే ఆయనకి ఫోన్ చేస్తోందట. ఇవాళ ఏ వారం, ఎక్కడికి వెళ్ళాలి, గ్యాస్ కట్టాడా లేదా, అన్నీ మాటల్లో మాటగా అందిస్తోందట. ఆరునెలల నుంచీ. నాతో అనలేదు.

"మీ సార్‌కి మీరే చెప్పండి, జీపు మీరు నడుపుతానని" అంది.

"ఎలా చెప్పను?"

"నోటితో."

20వ తేదీ, శుక్రవారం

ఆయన ఇంటికి వెళ్ళాను. ఆ మాట చెప్పకుండానే వచ్చేశాను. టీ బాగుంది.

22వ తేదీ, ఆదివారం

పిల్లలు స్కూలు గ్రౌండులో ప్రాక్టీసు చేస్తుంటే చూడ్డానికి వెళ్ళాను. ఆఖరి వరసలో పెద్ద డ్రమ్ము భుజానికి పక్కగా వేలాడేసుకుని మోసే అమ్మాయి ఉంది. డ్రమ్ము తప్ప పిల్ల కనపడదు. వెనక్కి తిరిగి చూడాలన్నా ఆ డ్రమ్ముతో సహా తిరగాలి. ఊరేగింపు దారిలో వంతెన దిగాక వచ్చే సర్కిల్ దగ్గర ఆగి పాట మారుస్తారట. టీచరమ్మ విజిల్ వేయగానే ఠక్కున ఆగిపోతున్నారు. చాలా బాగా ఆగుతున్నారు.

సర్కిల్ ముందు రోడ్డంతా పల్లం.

25వ తేదీ, బుధవారం

జీపు షెడ్డు దగ్గర కల్నల్ గారూ, నట్టూ, నేనూ. నట్టు అంటే మా మెకానికల్ కెప్టెన్. పెళ్ళిళ్ళలో కూడా జేబులో స్పానర్ పెట్టుకుని వచ్చే రకం. బండి ఊరికే పడి ఉన్నన్నాళ్ళూ ఇంజన్‌లోంచి రోటరు తీసేయడం మా పాత అలవాటు. బొటనవేలంత ముక్క అది. అది లేకపోతే ఎవడెంత తాళం తిప్పినా బండి కదలదు. శత్రువు మన బండి ఎత్తుకుపోకుండా నేర్పిన విద్య. ఇప్పుడు శత్రువు కాదు కదా, పాత ఇనుపసామాన్లవాడు కూడా మా జీపు వంక చూడడు. అయినా తీస్తాం. అదనంగా ఇంకోటి హాల్లో బీరువాలో ఉంటుంది.

నట్టు రోటరు బిగించాడు. ఇంజన్ ఒక్క దెబ్బకి అందుకుంది. ఆదివారం దాకా ఇలాగే ఉంచేద్దాం అనుకున్నాం. నట్టు చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

ఆయన స్టీరింగ్ మీద గుడ్డతో తుడుస్తూ, నావైపు చూడకుండా, "ఈసారి నువ్వు నడుపుతావేమిటోయ్ మేజర్?" అన్నారు.

నా లోపల ప్రాణం లేచొచ్చింది. నోరు మాత్రం దాని పని అది చేసేసింది. "అయ్యో, మీరుండగా నేనా సార్!"

"అంతేనంటావా?"

"అంతే సార్. మీ చేతికి తప్ప అది మాట వినదు."

ఆయన ఇంకాసేపు తుడిచారు. తుడిచిన చోటే తుడిచారు.

ఊరికే మాటవరసకి అడిగి ఉంటారు. మాటవరసకి అడిగినదానికి అవునంటే బాగుంటుందా? ఇంటికొచ్చి ఆవిడతో ఈ సంగతి చెప్పలేదు.

28వ తేదీ, శనివారం

రేపు పక్క సీట్లో నేనే కదా కూర్చునేది. ఏం కాదు.

29వ తేదీ, ఆదివారం

ఎవ్వరికీ ఏమీ కాలేదు. ఎవ్వరికీ ఏమీ కాలేదు.

30వ తేదీ, సోమవారం

నిన్న పెన్ను పట్టుకోలేకపోయాను. ఇవాళ రాస్తాను.

పొద్దున అందరం పతకాలు పెట్టుకుని హాలు ముందు చేరాం. పిల్లలు వరసలు కట్టారు. ఆయన జీపులో కూర్చుని తాళం తిప్పారు. ఇంజన్ అందుకోలేదు. మళ్ళీ తిప్పారు. లేదు.

"సరే, వదిలెయ్యండి. జీపు లేకుండా కానిచ్చేద్దాం. నేనూ నడుస్తాను" అన్నారు. వెంటనే అన్నారు. అప్పుడే దిగడానికి ఒక కాలు కింద పెట్టారు.

నట్టు బానెట్ ఎత్తాడు. నేనూ తొంగి చూశాను. రోటరు లేదు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకటే ఆలోచన. పాపం, మధ్యలో ఎప్పుడో వచ్చి అలవాటు కొద్దీ తీసేసి, ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటారు. జనం ముందు, పిల్లల ముందు, ఆయన పరువు పోకూడదు. నేను హాల్లోకి పరిగెత్తాను. ఈ వయసులో నిజంగానే పరిగెత్తాను. బీరువాలో రెండోది ఉంది. గుప్పిట్లో దాచుకుని తెచ్చి నట్టు చేతిలో పెట్టాను. వాడు నాకు కన్ను గీటి, బిగించేసి, "కాస్త తడి చేరింది సార్, తుడిచేశాను" అని గట్టిగా అన్నాడు.

ఎంత బాగా సర్దేశామో అనుకున్నాను. ఆ క్షణంలో నాకు గర్వం కలిగింది. రాయకపోతే ఈ డైరీ ఎందుకు?

బండి స్టార్టయింది. ఆయన కింద పెట్టిన కాలు అలాగే ఉంచి, ఇంజన్ చప్పుడు విన్నారు. తర్వాత నావైపు చూశారు. నేను నవ్వాను. కాలు లోపలికి తీసుకున్నారు.

పిల్లల వెనకాల బయల్దేరాం. వంతెన దాకా బ్రహ్మాండంగా నడిపారు. రోడ్డుకి రెండు వైపులా జనం చేతులూపుతుంటే ఆయనా ఊపారు. వంతెన దిగాక పల్లం. కింద సర్కిల్. టీచరమ్మ విజిల్ వేసింది. పిల్లలు ఠక్కున ఆగారు. మేం ఆగలేదు.

"సార్" అన్నాను.

ఆయన తిన్నగా ముందుకి చూస్తున్నారు. మొహం ప్రశాంతంగా ఉంది.

"సార్, పిల్లలు ఆగారు."

"ఎవరు ఆగమన్నారు?" అన్నారు. యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యలేదు.

హ్యాండ్‌బ్రేకు నా మోకాలి పక్కనే ఉంది. చెయ్యి దాని దాకా వెళ్ళింది. వెళ్ళి గాల్లో ఆగిపోయింది. పై అధికారి నడిపే బండి మీద చెయ్యి వెయ్యకూడదు, నాకు తెలిసింది అదొక్కటే. ఎదురుగా ఆ డ్రమ్ము పెద్దదవుతోంది. ఆ పిల్ల రెండు జడలూ, జడలకి కట్టిన రిబ్బన్లూ కనపడుతున్నాయి. నా చెయ్యి గాల్లోనే ఉంది. నా చెయ్యి! నేనేం మనిషిని!

అప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో, పొట్టలోంచి, పరేడ్ గ్రౌండు మీద వదిలేసి వచ్చాననుకున్న గొంతు వచ్చింది. "హాల్ట్!"

ఆయన కాలు బ్రేకు మీద పడింది. ఆలోచించి పడలేదు, అలవాటుగా పడింది. బండి కీచుమంటూ జారి, జారి, ఆగింది. బంపరు పోయి, ఆ పిల్ల పక్కనుంచి వెనక్కి పొడుచుకొచ్చిన డ్రమ్ముకి తగిలింది. డమ్మని ఒక్క మోత.

ఆ పిల్ల డ్రమ్ముతో సహా వెనక్కి తిరిగి, ఇదంతా కార్యక్రమంలో భాగమే అనుకుని, ఫక్కున నవ్వింది. జనం చప్పట్లు కొట్టారు. టీచరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరిచ్చారు కమాండ్?" అన్నారు ఆయన, చాలా మెల్లగా.

"నేనే సార్."

ఆయన బండి దిగి, ఆ డ్రమ్ము పిల్ల పక్కన నిలబడి, మిగతా దారంతా నడిచారు. జీపు నేను తెచ్చాను. స్తంభం దగ్గర పేర్లు చదివినప్పుడు ఆయన గొంతు వణకలేదు. కార్యక్రమం దివ్యంగా జరిగిందని అందరూ అన్నారు. ఈసారి జీపు వెనక పెట్టడం మంచి ఆలోచన అని కూడా ఎవరో అన్నారు. ఆ మాట అన్నవాడి పీక పిసికెయ్యాలనిపించింది.

31వ తేదీ, మంగళవారం

ఆయనే వచ్చారు. నడిచి వచ్చారు. నా భార్య కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళి ఆ తలుపు పక్కనే నిలబడిందని నాకు తెలుసు.

ఆయన కోటు జేబులోంచి ఏదో తీసి టేబుల్ మీద పెట్టారు. రోటరు.

"శనివారం నాడు నా బుర్ర బాగా ఉంది" అన్నారు. "అలాంటి రోజులు నాకు తెలుస్తాయి. షెడ్డుకి పోయి తీసేసి జేబులో వేసుకున్నా. బండి కదలకపోతే గొడవే ఉండదు కదా అనుకున్నా."

"మాతో ఒక్క మాట చెబితే సరిపోయేది కదా బావగారూ" అన్నాను.

"నీకు చెప్పానోయ్. బుధవారం. నువ్వు నడుపుతావా అని."

కళ్ళెత్తి చూడలేకపోయాను. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"పోనీ, ఆదివారం బండి స్టార్టయ్యాకైనా దిగిపోవాల్సింది" అన్నాను. నేరం కాస్తయినా ఆయన వైపు తోయాలని చూశాను. అది ఆయనకీ తెలిసే ఉంటుంది.

"దిగబోయాను. కానీ స్టార్టయింది కదా. రోటరు లేకుండా బండి స్టార్టవదు. కాబట్టి నేను తియ్యలేదు. తీశాననుకున్నది కల అయ్యుంటుంది. చెయ్యి జేబులో పెడితే తేలిపోతుంది. పెట్టలేదు. జేబులో లేకపోతే ఏమైపోతానో అని భయం వేసింది. ఆ భయంలోనే నడిపాను. తర్వాత వంతెన దాకా గుర్తుంది."

ఇన్నేళ్ళలో ఆయన నోట భయం అనే మాట నేను వినలేదు.

"ఒక సంగతి అడుగుతాను, నిజం చెప్పు. పోయిన సమావేశంలో ఉపన్యాసం రెండుసార్లు చదివానా?"

"చదివారు."

"నాకు అనుమానం వచ్చింది. కానీ చప్పట్లు కొట్టారు కదోయ్!"

"కొట్టాం."

"జోకుకి నవ్వారు కదా!"

"నవ్వాం బావగారూ."

ఆయన ఆ రోటరుని టేబుల్ మీద వేలితో తిప్పుతూ కూర్చున్నారు. "నా తల తప్పుతున్నప్పుడల్లా, పక్కనుంచి మీరంతా సరిగ్గానే ఉందంటుంటే నేను దేన్ని పట్టుకుని నిలబడాలి?" అన్నారు. "నువ్వు చాలా మంచి అధికారివి మేజర్. నా ఖర్మ కాలి, నా చుట్టూ ఉన్నవాళ్ళంతా మంచి అధికారులే."

నా భార్య కాఫీ తెచ్చింది. అన్నయ్య చెయ్యి పట్టుకుని, పొద్దున ఫోన్ల సంగతి తనే చెప్పేసింది. ఆయన "నాకు తెలుసులేవే, నువ్వు చిన్నప్పటి నుంచీ నటనలో సున్నా" అన్నారు. ఇద్దరూ ఏడ్చారు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను.

డాక్టరు చెప్పిన పెద్ద డాక్టరు దగ్గరికి శుక్రవారం వెళ్తున్నాం. కారు నేను నడుపుతాను. వెళ్ళేముందు ఆయన కారు తాళాలు, జీపు తాళాలు, రోటరు, మూడూ నా ముందు పెట్టారు.

"మళ్ళీ ఎప్పుడైనా నేను ఏదైనా తీసేస్తే తిరిగి బిగించకు. నేను తప్పితే, తప్పారు అని చెప్పు. అందరి ముందూ చెప్పు. ఇది ఆర్డర్."

"ఎస్ సార్" అనబోయాను. "అలాగే బావగారూ" అన్నాను.

3వ తేదీ, శుక్రవారం

పెద్ద డాక్టరు మాకు తెలిసినదే చెప్పాడు. వచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర ఆయన "కుడికేనా?" అని అడిగారు. "కాదు, ఎడమకి" అన్నాను. చిన్న మాటే. చెప్పడానికి ఇంత కష్టమా!

5వ తేదీ, ఆదివారం

నెలవారీ సమావేశం. అధ్యక్ష పదవి వదిలేస్తున్నట్టు ఆయనే ప్రకటిస్తానన్నారు. అంతకు ముందు స్వాగతోపన్యాసం. ఫైలు నేను సర్దలేదు.

బాగా చదివారు. నేనూ ఆయన చెల్లెలూ ఉన్న ఆ జోకు వేశారు. అందరూ నవ్వారు. ఇంకో నాలుగు మాటలు మాట్లాడి, ఆగి, కాగితం వంక చూసి, "మన కార్యదర్శి సర్వీసులో నా కింద పనిచేశాడు…" అని మళ్ళీ అందుకున్నారు.

డాక్టరు నవ్వడానికి సిద్ధమవుతున్నాడు. నట్టు కూడా. వాళ్ళ మొహాలు నాకు కనపడుతున్నాయి. నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది ఇన్నాళ్ళూ. లేచి నిలబడ్డాను. శత్రువు ఎదురుగా వచ్చినప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు.

"సార్, ఆ జోకు అయిపోయింది."

టీ కప్పు ఎవరో సాసర్లో పెట్టిన చప్పుడు వినపడింది. డాక్టరు నావైపు, నేను తాగి వచ్చానా అన్నట్టు చూశాడు.

ఆయన కళ్ళజోడు తీశారు. "అయిపోయిందా?"

"అయిపోయింది సార్. ఇందాకే."

"నవ్వారా?"

"నవ్వారు. కానీ నిజం చెప్పాలంటే సార్, అది అంత గొప్ప జోకేం కాదు."

ఆయన నావైపు చూశారు. ఆ రోజు జీపులోంచి చూసిన మనిషే, కానీ ఆ చూపు కాదు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటికొచ్చింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "హమ్మయ్య, ఇన్నాళ్ళకి ఒకడు చెప్పాడు" అన్నారు. అప్పుడు మిగతావాళ్ళు నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టబోతే చెయ్యెత్తి ఆపేశారు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అసలు విషయం చెప్పడం మొదలుపెట్టారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. కుర్చీలో కూర్చుని, నా బూట్ల వంక చూసుకుంటూ, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.